బంధువులెవరూ లేరు

మస్కట్‌లో, అజైబాలోని మా సూపర్‌మార్కెట్ ఏడాదికి మూడుసార్లు కారు డ్రా పెడుతుంది. మూడుసార్లూ నా ప్రాణం మీదికే వస్తుంది. జనానికి కనిపించేది గుమ్మం దగ్గర రిబ్బన్ కట్టిన తెల్ల కారు, దాని పక్కన అద్దాల పెట్టె, అందులో మెడదాకా కూపన్లు. ఆ పెట్టె వెనక ఎన్ని కాగితాలుంటాయో వాళ్ళకు తెలీదు. తెలుసుకోవాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టింది, నాకు పట్టింది గానీ. నా పేరు రామాంజనేయులు. మాది కడప జిల్లా, రాజంపేట దగ్గర పల్లె. స్టోర్‌లో నా ఉద్యోగం పేరు ప్రమోషన్స్ అసిస్టెంట్. తొమ్మిదేళ్ళుగా అదే పేరు.

ఒమన్‌లో జూదం కుదరదు. పోస్టర్ మీద లాటరీ అన్న మాట వేస్తే పోస్టర్ పీకించేస్తారు. పది రియాళ్ళ సరుకు కొన్నవాళ్ళకి ఒక కూపన్ ఊరికే ఇవ్వచ్చు, ఆ కూపన్ల మీద డ్రా తీయచ్చు. అయితే ఇందులో జూదం వాసన లేదని ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ఒక మనిషిని పంపుతుంది. మాకు వచ్చే ఇన్‌స్పెక్టర్ పేరు హమూద్.

హమూద్‌ది అల్ సువైక్. రోజూ గంటన్నర కారు నడుపుకుంటూ మస్కట్ వస్తాడు, మళ్ళీ గంటన్నర నడుపుకుంటూ పోతాడు. యాభై దాటిన మనిషి. వేసుకున్న తెల్లటి పొడుగు చొక్కా మడత నలగదు, కళ్ళ కింద మాత్రం నల్లటి సంచులు వేలాడుతుంటాయి. వాళ్ళ నాన్న ఖర్జూరాలమ్ముకోవడానికి బొంబాయి వెళ్ళొచ్చేవాడట, అందుకని హిందీ బాగా మాట్లాడతాడు. డ్రాకి నెల ముందు వచ్చి బియ్యం, నూనె, పాలపొడి ధరలు రాసుకుపోతాడు. కూపన్లు ఇస్తున్న రోజుల్లో చెప్పాపెట్టకుండా వచ్చి అవే ధరలు మళ్ళీ చూస్తాడు. రియాల్‌కి వెయ్యి బైసాలు; అయిదు బైసాలు పెరిగినా ఊరుకోడు. ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను.

"ధర పెంచితే మీరు బియ్యంతో పాటు కూపన్ కూడా అమ్మినట్టే. కూపన్ అమ్మితే జూదం. ఊరికే ఇస్తే బహుమతి. రెండింటికీ మధ్య ఒక సన్నటి గీత ఉంది. దాని మీద కూర్చోవడానికే నాకు జీతమిస్తారు" అన్నాడు. "కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది" అని కూడా అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

పెట్టెకి తాళం అతనే వేస్తాడు. తాళం మీద లక్క ముద్ర వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోతాడు. కూపన్ పుస్తకాల నంబర్లన్నీ రిజిస్టర్లో ఎక్కించాలి. చిరిగిపోయిన కూపన్ ఉంటే ఆ ముక్కల్ని అతికించి చూపించాలి. స్టోర్ మనుషులు, వాళ్ళ బంధువులు డ్రాలో ఉండకూడదు. అందుకని ప్రతిసారీ పెట్టెని ముట్టుకునే ముగ్గురం ఒక ఫారం నింపుతాం. ఒమన్‌లో నీకున్న బంధువులు ఎవరెవరు? నేను ప్రతిసారీ 'ఎవరూ లేరు' అని రాసి సంతకం పెడతాను. అందులో అబద్ధం ఏమీ లేదు. భార్యా కూతురూ ఊళ్ళో ఉన్నారు. మిగతా బంధువులు నేను సెలవు మీద వెళ్ళినప్పుడు సెంటు సీసాల కోసం వస్తారు, అంతే.

కాశమ్మ నాకు బంధువు కాదు. ఆమెది రాయచోటి వైపు. అల్ హైల్‌లో ఒక పెద్ద ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఒకరోజు మా స్టోర్‌లో కందిపప్పు ఎక్కడుందో కనబడక, తనలో తను మన కడప తిట్లు తిట్టుకుంటుంటే విని పలకరించాను. అప్పట్నించి నేను ఆమెకు అబ్బీ, ఆమె నాకు అక్క. గల్ఫ్‌లో ఇట్లాంటి అక్కలూ అన్నలూ చిన్నాయనలూ అందరికీ ఉంటారు. లేకపోతే ఇక్కడ గడవదు.

ఆమె గోలంతా ఒక్కటే. రాయచోటి బయట రెండు గదుల ఇల్లు మొదలుపెట్టింది. గోడలు లేచాయి గానీ స్లాబు పడలేదు. మూడు వానాకాలాలుగా ఆ గోడలు తడుస్తున్నాయి. "స్లాబు పడిన రోజు వీసా క్యాన్సిల్ చేయించుకోని పోతానబ్బీ. మల్లా ఈ దేశం మొగం చూడను" అనేది. ఆ ఇంట్లో పదమూడు మంది మనుషులు, మూడు అంతస్తులు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే రాత్రి పదకొండుకి నడుం వాల్చేది. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగేది. మా స్టోర్‌లో ఎస్కలేటర్ దగ్గర అట్లా వెనక్కి తిరిగి నిలబడితే పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

సరుకులు కొన్నాక వాళ్ళ మేడమ్ కూపన్లు కాశమ్మ చేతిలోనే పెట్టి, నువ్వే వేసుకో అనేది. పెద్దింటి వాళ్ళకు ఆ కారు ఏపాటిది? కాశమ్మకి రాయడం రాదు. కూపన్ నా కౌంటర్ దగ్గరికి తెచ్చేది. నేను పేరు, ఫోన్ నంబరు, బతాకా నంబరు రాసి ఇచ్చేవాణ్ణి. బతాకా అంటే ఇక్కడ మాకిచ్చే గుర్తింపు కార్డు. కాశమ్మకొక్కదానికే కాదు, రాయడం రాని కూలీలకీ డ్రైవర్లకీ ఎంతమందికి రాసిచ్చానో. రాసిచ్చాక మాత్రం కూపన్ వాళ్ళ చేతికే ఇచ్చి, మీరే పెట్టెలో వేయండి అనేవాణ్ణి. హమూద్ పెట్టిన రూల్ అది.

రెండువేల తొమ్మిది మార్చిలో, ఒక గురువారం సాయంత్రం డ్రా తీశాం. హమూద్ లక్క ముద్ర పగలగొట్టాడు, పెట్టెని నలుగురితో ఎత్తి కుదిపించాడు. కూపన్ తీయడానికి స్టోర్ వాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒక అందమైన పిల్లని తెచ్చి నిలబెడతారు. హమూద్ ఆ అమ్మాయిని పక్కకు జరగమని, జనంలోంచి చేపల సంచీ పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మని పిలిచాడు. ఆవిడ మోచేతిదాకా చెయ్యి పెట్టి ఒక కాగితం తీసింది. హమూద్ దాన్ని చూసి, నంబరు చూసి, రిజిస్టర్ చూసి, మైకులో మూడుసార్లు చదివాడు.

"కాశమ్మ. కాశమ్మ. కాశమ్మ."

సంతోషం అని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నాకు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఆ తర్వాత ఆ ముసలమ్మ రిజర్వు కూపన్ ఇంకొకటి తీసింది. మొదటి మనిషి విషయంలో ఏదైనా తేడా వస్తే కారు ఆ రెండో మనిషికి పోతుంది. దాని మీద అజైబాలోనే ఉండే ఎహసాన్ అనే దర్జీ పేరుంది. ఆ పేరు నేను సరిగ్గా విననే లేదు. సందు చూసుకుని గోడౌన్‌లోకి పోయి కాశమ్మకు ఫోన్ చేశాను.

"అక్కా, కారు నీకొచ్చింది."

"యా కారు? ఎగతాలి చేయాకబ్బీ. పొయ్యి మీద కూర మాడిపోతాంది."

"దేవుడి మీద ఒట్టు. నీ పేరే. అమ్మితే డీలర్లే ఎగబడి కొంటారు."

పొయ్యి ఆపేసిన చప్పుడు వినబడింది. "స్లాబు పడతాదా దాంతో?" అని మెల్లగా అడిగింది.

"పడుతుంది. గచ్చు, తలుపులు కూడా."

"అట్లయితే ఇంగ చాలు నాయినా" అంది. "ఇంగ నాతో కాదు. చాలు." ఏడుస్తూనే ఆ 'చాలు' అన్న మాట ఎన్నిసార్లు అందో. నాకు అంతకంటే మంచి మాట ఈ తొమ్మిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

శనివారం పొద్దున హమూద్ కాగితాల తనిఖీకి వచ్చాడు. గెలిచిన కూపన్‌ని, రిజిస్టర్‌ని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ చేతిరాత నీది" అన్నాడు. అవునన్నాను. రాయడం రాని వాళ్ళందరికీ నేనే రాస్తానన్నాను. లేచి, పెట్టెలోంచి రెండు గుప్పిళ్ళ కూపన్లు తీసి బల్ల మీద పరిచాడు. ప్రతి పదింటిలో ఒకటో రెండో నా రాతే. తల ఊపి మళ్ళీ పెట్టెలో వేశాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ముక్క నా మనసులో పూర్తి కాకముందే, "పెట్టె ముట్టుకున్న ముగ్గురి ఫైళ్ళూ తెప్పించు" అన్నాడు.

ఫైళ్ళు ఖమరుద్దీన్ దగ్గరుంటాయి. స్టోర్‌లో పర్సనెల్ సెక్షన్ క్లర్కు, హైదరాబాద్ మనిషి. అతను తెచ్చిన మూడు ఫైళ్ళూ నేనే అందుకుని హమూద్ ముందు పెట్టాను. నా ఫైలు పైన పెట్టాను, ముందు అది అయిపోతుందని. అందులో ఏముందో నాకు గుర్తుంటే కదా! మిగతా రెండూ ఎట్లా ఉన్నా నాది మాత్రం కడిగిన ముత్యమని నా ధీమా.

హమూద్ ఒక్కో కాగితం తిప్పుతూ వచ్చి ఒకచోట ఆగాడు. నా లీవ్ అప్లికేషన్. దాని వెనక గుండుసూదితో గుచ్చిన ఆస్పత్రి కాగితం.

గోను తుఫాను వచ్చిన వారం అది, రెండువేల ఏడు జూన్. మస్కట్ సగం నీళ్ళల్లో ఉంది. కాశమ్మ పనిచేసే ఇంటి పెద్దాయన కుటుంబంతో సూర్ వెళ్ళి, రోడ్లు తెగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న కాశమ్మకి కడుపులో నొప్పి మొదలైంది. ఫోన్లో ఆమె అరుపు విని, మోకాలు లోతు నీళ్ళలో నడిచి, ఎవరిదో ట్రక్కు పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అపెండిక్స్ పగిలింది, వెంటనే కోయాలన్నారు. యజమాని కానీ సొంత మగమనిషి కానీ సంతకం పెడితేనే కోస్తామన్నారు. యజమాని ఫోన్ పలకడం లేదు. కాగితం తీసుకున్నాను, బంధుత్వం అన్నచోట 'తమ్ముడు' అని రాసి సంతకం పెట్టాను. నేను కాకపోతే మనవాళ్ళలో ఇంకెవరైనా అదే రాసేవాళ్ళు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారం స్టోర్‌లో మంచినీళ్ళ సీసాల కోసం జనం కొట్టుకుంటున్నారు, రెండు రోజులు డ్యూటీకి రాలేదని నన్ను తీసేస్తారేమోనని భయం. మా అక్క ఆపరేషన్ అని లీవ్ రాసి, ఆ కాగితం కాపీ నా చేతులతో నేనే గుచ్చి ఇచ్చాను. ఇచ్చి మర్చిపోయాను.

హమూద్ ఆస్పత్రి కాగితం మీది బతాకా నంబరుని కూపన్ మీది నంబరుతో పోల్చాడు. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నేను నింపిన ఫారం పక్కన పెట్టాడు.

"ఇందులో అక్క. ఇందులో బంధువులెవరూ లేరు. రెండింటిలో ఒకటి తప్పు" అన్నాడు.

నోరు తెరిచాను. అతను చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు చెప్పొద్దు. నువ్వు స్టోర్ మనిషివి, ఈ విషయంలో నీ మాట నాకు పనికిరాదు. మంగళవారం ఆమెను పిలిపించు. నేను ఆమెనే అడుగుతాను. ఒకటే ప్రశ్న. ఆమె ఏం చెబితే అది రాసుకుంటాను." కోపంగా ఏమీ అనలేదు. అలవాటైన అలసటతో అన్నాడు, కాగితాలు సర్దుకుని, నడుం పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళగానే ఖమరుద్దీన్ నా పక్కన కూర్చున్నాడు. మంచివాడే, కానీ చెడ్డ వార్త చెప్పేటప్పుడు అతనికి గొంతులో హుషారొస్తుంది.

"జర సోచో మియా. ఆమె నీ అక్కనే అన్నదనుకో, ఫారంల బంధువు పేరు దాచినవని నీకొక వార్నింగ్ మెమో ఇస్తరు, అంతే. కారు ఆ దర్జీకి పోతది. అక్క కాదు అన్నదనుకో, ఆస్పత్రిల దొంగ సంతకం చేసినట్టు. అది గవర్నమెంట్ కాగితం. పోలీస్ కేసైతది. లోపలేసి, ఆఖర్ల టికెట్ కొట్టి పంపిస్తరు. పరాయి మొగోడు సంతకం పెట్టిండని ఆమె మీద గూడ లేనిపోనియి రాస్తరు. నాకెర్కనే గదా."

అతనికి ఏం తెలుసో నేను అడగలేదు. అడగాల్సింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. కూతురు ఐదో క్లాసు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో? రాజంపేటలో నేనేం పని చేస్తాను, కూపన్లు రాస్తానా? ఒకపక్క ఇదీ, ఇంకోపక్క ఫోన్లో విన్న ఆ 'చాలు'. నేను దుర్మార్గుణ్ణి కాదు. భయస్తుణ్ణి, అంతే. కానీ అవతలివాళ్ళ మీద పడే దెబ్బ రెంటికీ ఒకటేనని నాకప్పుడు తెలీదు.

సోమవారం మధ్యాహ్నం అల్ హైల్ వెళ్ళాను. ఆ వేళకి ఆ ఇంట్లో అందరూ పడుకుంటారు. కాశమ్మ చెత్త సంచులు పట్టుకుని వెనక గేటులోంచి వచ్చింది. మొహం కళకళలాడిపోతోంది. మేస్త్రీకి ఫోన్ చేసిందట. ఉగాది దాటినాక ఇనుము కట్టడం మొదలుపెడతానన్నాడట.

నేను విషయమంతా చెప్పాను. ఎట్లా చెప్పాను? హమూద్ లాగా చెప్పాను. అక్క అంటే ఇది అవుతుంది, కాదంటే ఇది అవుతుంది అని, త్రాసులో రెండు పక్కలా సమానంగా తూచినట్టు. పోలీసులు అన్న మాట దగ్గర మాత్రం నా గొంతు తగ్గింది. కావాలని తగ్గించలేదు. తగ్గుతోందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఆపుకోలేదు.

కాశమ్మ సంచులు కింద పెట్టింది. "యాది చెప్తే మంచిదబ్బీ?"

"నీ ఇష్టమక్కా. కారు నీది. నువ్వెట్లా చెప్పినా నేనేమనుకోను."

"నా ఇష్టమే అయితే స్లాబు" అంది వెంటనే. గోడ పట్టుకుని, మోకాలు మార్చుకుని నిలబడింది. "నువ్వు కాదని చెప్పమంటాండావా, అవునని చెప్పమంటాండావా? ఆ రవ్వంత చెప్పు."

చెప్పు అని నా లోపల ఎవరో నెత్తీ నోరూ బాదుకున్నారు. నిజం చెప్పక్కా, తర్వాత సంగతి నేను చూసుకుంటాను అంటే సరిపోయేది. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది.

"నీ బిడ్డ ఏం చదువుతాంది?"

"అయిదు."

"బాగా చదివించు" అని వంగి, చెత్త సంచులు ఎత్తుకుని డబ్బా వైపు నడిచింది. నేను సాయం పడతానని చెయ్యి చాపాను, వద్దంది. బస్సెక్కేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మంగళవారం పదకొండింటికి మేనేజర్ గదిలో కూర్చున్నాం. హమూద్, ఖమరుద్దీన్, నేను. కాశమ్మ ఉతికిన చీర కట్టుకుని, పైన నల్ల అబాయా వేసుకుని వచ్చింది. హమూద్ లేచి ఆమెకు కుర్చీ తనే జరిపాడు. మంచినీళ్ళు ఇమ్మన్నాడు. తర్వాత అరబ్బీలో, ఆమెకు అర్థమయ్యేంత నెమ్మదిగా అడిగాడు.

"ఇతను నీకు ఏమవుతాడు?"

కాశమ్మకి వచ్చిన అరబ్బీ అంతా వంటింట్లో నేర్చుకున్నదే. అది చాలింది. "నా తమ్ముడు" అంది.

హమూద్ రెండు పాస్‌పోర్టుల కాపీలు ఆమె ముందు పెట్టాడు. "తండ్రి పేర్లు వేరుగా ఉన్నాయి."

"తల్లి ఒకతే" అంది కాశమ్మ. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తల్లుల పేర్లు కూడా అదే పేజీలో వేరువేరుగా ఉన్నాయి. హమూద్ ఆ పేజీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆ పేర్ల మీద వేలు పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఏదైనా మూడుసార్లు అడుగుతాను, అది నా పద్ధతి" అన్నాడు. "తొందరేం లేదు. ఆలోచించు. కాదు అన్నావంటే కారు తాళంచెవి ఇప్పుడే ఇచ్చేస్తాను. ఇదిగో ఈ సొరుగులోనే ఉంది. ఇతను నీకు ఏమవుతాడు?"

"తమ్ముడు."

'కాదు' అని నేను అనాలి. ఇప్పుడు అనాలి. నా మాట పనికిరాదని ఇతనే ముందు చెప్పాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద ఏసీ లోంచి కారుతున్న నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

"మూడోసారి. ఇతను నీకు ఏమవుతాడు?"

కాశమ్మ ఈసారి అరబ్బీలో చెప్పలేదు. నా వైపు తిరిగి తెలుగులోనే అంది. "నా తోడబుట్టినోడు. అంతే, రాసుకోమను."

నేను తర్జుమా చేశాను. ఆ మాట అరబ్బీలోకి మార్చింది నేనే. అంతకంటే ఏం చెప్పుకోను?

హమూద్ రాశాడు. ఇంకుప్యాడ్ జరిపాడు, ఆమె వేలిముద్ర వేసింది. ఖమరుద్దీన్ సాక్షి సంతకం పెట్టాడు. కాశమ్మ లేచి హమూద్‌కి సలాం చెప్పి బయటికి వెళ్ళింది. ఖమరుద్దీన్ రిజర్వు మనిషికి, అదే ఆ దర్జీ ఎహసాన్‌కి, ఫోన్ చేయడానికి వెళ్ళాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. హమూద్ నా లీవ్ అప్లికేషన్‌నీ ఆస్పత్రి కాగితాన్నీ మళ్ళీ గుండుసూదితో గుచ్చి, ఫైల్లో ఎక్కడిదక్కడ పెట్టి, ఫైలు నా చేతికిచ్చాడు. నాకు ఉండబట్టలేదు.

"సార్, ఆమె కాదు అని ఉంటే ఈ ఆస్పత్రి కాగితం ఏమయ్యేది?"

"ఏమవుతుంది? ఫైల్లో ఉండేది."

"పోలీసులకి ఇవ్వరా?"

అతను నా వైపు విచిత్రంగా చూశాడు. "ఆస్పత్రితో నాకేం పని? నాది పెట్టె. పెట్టెలో వేసిన మనిషి స్టోర్ మనిషికి బంధువా కాదా, అంతవరకే నా పని. కాదు అంటే, కాదు అని రాసుకుని, తాళంచెవి ఇచ్చి, మా ఊరు పోయేవాణ్ణి." కళ్ళజోడు తీసి ముక్కు మీద గుర్తు పడ్డచోట రుద్దుకున్నాడు. "గోను వారంలో ఎవరు ఎవరికి సంతకం పెట్టలేదు? అందుకే మూడుసార్లు అడిగాను."

కుర్చీ పట్టుకుని, "సార్, ఆమె నా అక్క కాదు" అన్నాను. చివరికి అన్నాను. "అబద్ధం చెప్పింది. నా కోసం చెప్పింది. మళ్ళీ పిలుస్తాను, మార్చండి."

హమూద్ వేలిముద్ర ఉన్న కాగితాన్ని ఎత్తి ఆరిందో లేదో చూశాడు.

"ఇది ఆస్పత్రి కాగితం కాదు" అన్నాడు. "ఇది నా కాగితం. ప్రభుత్వ మనిషి ముందు, సాక్షి ముందు ఆమె చెప్పిన మాట. ఇందులో అబద్ధం ఉందని నువ్వు రాసిస్తే నేను పైకి పంపక తప్పదు. అప్పుడు పోలీసులు నీ కోసం రారు, ఆమె కోసం వస్తారు." కలం నా వైపు జరిపాడు. "రాసిస్తావా?"

నేను రాసివ్వలేదు. అతను కాగితం సంచిలో పెట్టుకున్నాడు. నడుం పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. అతను ఇంకా అల్ సువైక్ దాకా నడుపుకుంటూ పోవాలి.

బయట ట్రాలీలు పెట్టేచోట, నీడలో, కాశమ్మ సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది. వాళ్ళింటి డ్రైవర్ రావడానికి ఇంకా టైముందంది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా కారుకి కట్టిన రిబ్బన్ గాలికి ఊడిపోతుంటే స్టోర్ మనుషులు మళ్ళీ కడుతున్నారు. ఆమె అటు చూడలేదు.

"అబ్బీ, ఇంగ నీకేం గాదు గదా?" అంది.

"ఏం కాదక్కా."

"పోలీసోల్లు గీలీసోల్లు రారు గదా?"

"రారు."

"మల్లా ఏంటికి ఏడుస్తాండావ్?" అని కొంగుతో నా మొహం తుడిచింది. "మేస్త్రీకి నేను చెప్పుకుంటాలే. ఇంగో నాలుగేండ్లు చేస్తే స్లాబు దానంతటదే పడతాది. నీ ఉద్యోగం నిలబడింది, అది చూడు."

కాదని చెప్పినా పోలీసులు వచ్చేవాళ్ళు కాదన్న నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే నా బరువు దిగేది, ఆమె చేసిన పని వట్టిదే అయ్యేది. పదకొండేళ్ళలో ఆ ఒక్క పని ఆమె తనకు తానుగా, ఎవరూ ఆజ్ఞాపించకుండా చేసింది. నేను నోరు మూసుకున్నాను. ఈసారి భయంతో కాదు, అయినా ఆమెకు దాంతో ఒరిగేదేమీ లేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. కాశమ్మ నా భుజం మీద చెయ్యి వేసి లేచింది. లేచేటప్పుడు "అమ్మా" అని మూలిగింది. రాత్రికి ఇంటికి ఇరవై మంది చుట్టాలు వస్తున్నారనీ, మాంసం ఇంకా కడగలేదనీ చెబుతూ వెళ్ళి కారెక్కింది.